వణకని చెయ్యి

మా తమ్ముడికి సంభావ్యత పాఠం చెప్పి వాణ్ణి బాగుచేద్దామనుకోవడం నా జన్మలో నేను చేసిన అతి తెలివితక్కువ పని. ఇరవై తొమ్మిదేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. లెక్కల టీచరుకి లోకంలో ఏ జబ్బు కనబడినా అది లెక్క రాకపోవడం వల్లే వచ్చిందనిపిస్తుంది. పిల్లలు నన్ను చాటుగా "భాగహారం" అంటారు. నా చేతికి చిక్కితే శేషం కూడా మిగలదట. ఆ పేరు పెట్టినవాడెవడో గాని వాడికి మార్కులు వెయ్యాల్సిందే.

మొదటినుంచీ చెబుతాను, లేకపోతే మీకు నా మీద కాస్త జాలి కూడా కలగదు.

మా తమ్ముడిది సెలూన్. ఒకప్పుడు మా నాన్నది. వీధి మలుపులో, ఒకవైపు చెప్పుల కొట్టు, ఇంకోవైపు జిరాక్సు కొట్టు, మధ్యలో మాది. గోడంతా అద్దం, రెండు ఇనప కుర్చీలు, వెనక చిన్న గది. మేడ మీద మేం ముగ్గురం ఉంటాం: తమ్ముడు, మరదలు, నేను. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఒకప్పుడు కారణాలు చెప్పేదాన్ని, ఇప్పుడు వయసు చెబుతున్నాను.

కత్తి పట్టడంలో వాడికి పేరుంది. గడ్డం గీయించుకుంటూ జనం నిద్రపోయేవాళ్లు, లేపి పంపాల్సి వచ్చేది. రోజూ పొద్దున ఎనిమిదింటికి మొదటి బేరం రిటైరైన పోస్టుమాస్టరు గారిది. ఇరవై రెండేళ్లుగా ఆయన గడ్డం మీద మా తమ్ముడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా కబురంపి వీణ్ణే పిలిపించుకున్నారు.

వాడి చేతిలో తేడా ముందు మరదలు గమనించింది. టీవీ చూస్తున్నప్పుడు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదులుతున్నాయట, చిన్న ఉండ చుడుతున్నట్టు. మీ చెయ్యి ఏదో వెతుక్కుంటోందండీ అని నవ్విందట. ఆర్నెల్లకి నవ్వడం మానేసింది. మణికట్టు బిగుసుకుపోయేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. ఒకరోజు పోస్టుమాస్టరు గారి చెవి కింద కత్తి తగిలి రక్తం చుక్క వచ్చింది. పేపర్లో ఏదో వార్త చూసి నేనే ఉలిక్కిపడ్డానన్నారాయన. పేపరు ఆయన చేతిలో లేదు, మూడు గజాల దూరంలో బల్ల మీద మడిచి ఉంది.

నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. తమ్ముడికి నలభై ఎనిమిది. ఈ జబ్బు ముసలివాళ్లకి కదా వచ్చేది అని డాక్టరుతో వాదించాను. వాదిస్తే జబ్బు తగ్గుతుందేమోనన్నట్టు వాదించాను. ఆయన ఓపికగా విన్నారు. మెదడులో ఒక రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతున్నాయన్నారు. చెయ్యి అనుకున్నట్టు కదలాలంటే అది ఉండాలట. దాని వేషం కట్టి దాని పని చేసే మాత్ర ఒకటుంది, మెల్లమెల్లగా మోతాదు పెంచుకుంటూ పోదాం అన్నారు. ఏడు గళ్ల డబ్బా కొని, ప్రతి ఆదివారం వారానికి సరిపడా మాత్రలు సర్దే పని నేను పెట్టుకున్నాను. మరదలు తెల్లారగానే బేకరీలో డ్యూటీకి వెళ్లిపోతుంది, తమ్ముడికి మతిమరుపు. ఈ సంగతి నొక్కి చెబుతున్నాను. ఆ మాత్రలు గళ్లలో పెట్టినవి నా చేతులే.

రెండు నెలలు తిరిగేసరికి వాడి చేతులు వాడికి తిరిగొచ్చాయి. ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతూ చూద్దును కదా, బెలూను ఊది, దానికి నురగ పూసి, కత్తితో గీస్తున్నాడు. మా నాన్న వాడికి పని నేర్పింది అలాగే. బెలూను పగలకుండా నురగంతా తీసెయ్యాలి. తీసేశాడు. నున్నటి ఎర్ర బెలూను వాడి చేతిలో మిగిలింది. మేమిద్దరం దాన్ని పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చాం.

ఆ తర్వాత వాడు హుషారయ్యాడు. పాటలు పాడేవాడు. గోడలకి రంగులేశాడు. అడక్కుండానే జిరాక్సాయన కొట్టుకి కూడా వేశాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది కదా, ఆ సంబరం అనుకున్నాను. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే రకాన్ని కాదు నేను. కానీ మనవాళ్ల విషయంలో అందరం అదే రకం.

ఆ హుషారు వెనక ఉన్నది ఫోన్లో ఆడే ఒక ఆట. మూడు చక్రాలు, వాటి మీద పళ్ల బొమ్మలు. డబ్బు కట్టి వేలితో తాకితే చక్రాలు గిర్రున తిరిగి ఒక్కొక్కటిగా ఆగుతాయి. మూడింటి మీదా ఒకే పండు పడితే గెలుపు. ఆటంతా ఇంతే. తెలివి అక్కర్లేదు, నేర్పు అక్కర్లేదు, ఎదుటి మనిషి కూడా అక్కర్లేదు.

నాకు తెలిసింది ఇలా. ఒక పొద్దున బడికి బయల్దేరుతూ సెలూన్లోకి తొంగిచూశాను. పోస్టుమాస్టరు గారు కుర్చీలో ఉన్నారు. ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద నురగ ఆరిపోయి పొలుసులు కడుతోంది. తమ్ముడు లేడు. ఇప్పుడే వస్తానని లోపలికెళ్లాడమ్మా అన్నారాయన. ఎంతసేపైందంటే గోడ గడియారం వంక చూడకుండా ఎంతోసేపు కాలేదన్నారు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు, ప్రతిసారీ దొరికిపోతారు. వెనకగదిలో నీళ్ల డ్రమ్ము మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు వీడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డా తల ఎత్తలేదు. వాడి మొహంలో సంతోషం లేదు, బాధా లేదు. గంటసేపు బస్సు కోసం నిలబడ్డవాడు, అదిగో మలుపు తిరుగుతోందని మెడ చాచి చూస్తాడే, ఆ మొహం.

ఆ పూట బడికి సెలవు పెట్టాను. ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు, ఎవరెవరి దగ్గర తెచ్చి, అన్నీ రాబట్టాను. ఎంత పోయిందో అంకె రాయను. లెక్కల టీచర్ని అయ్యుండి రాయనంటున్నానంటే మీరే అర్థం చేసుకోండి. మరదలు తిట్టలేదు, ఏడవలేదు. గోడకి చేరగిలబడి, ఈయన ఇలాంటి మనిషి కాదు వదినా, పదిహేనేళ్లలో ఒక్క లాటరీ టిక్కెట్టు కొనలేదు అంది. ఆ మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. అయితే వీడికి లెక్క తెలీదన్నమాట అనుకున్నాను.

సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా పాఠం. భోజనాల బల్ల మీద నాణేలు, పాచికలు, ఒక రేకు డబ్బాలో వంద చీట్లు. వందలో ఒక్క చీటీ మీదే గీత ఉంటుంది. తియ్యి, మళ్లీ వెయ్యి, మళ్లీ తియ్యి. ఎన్నిసార్లు తీస్తే ఎంత పోతుందో రాయి. ఇంటిపని కూడా ఇచ్చాను. వాడు గుండ్రటి అక్షరాలతో, గళ్లు గీసి, తప్పుల్లేకుండా చేసుకొచ్చేవాడు. నాలుగు వారాల తర్వాత పరీక్ష పెట్టాను. ఇరవై అయిదుకి ఇరవై అయిదు. నా సర్వీసులో అంత బుద్ధిగా చదివిన విద్యార్థి దొరకలేదు. ఆట పెట్టినవాడు తప్ప ఆడేవాడు ఎందుకు బాగుపడడో జిరాక్సాయనకి వాడే విడమరిచి చెబుతుంటే మెట్ల మీద నిలబడి విని మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం మరదలు బడికి ఫోన్ చేసింది. సెలూన్లో రెండో కుర్చీ లేదంది. అది మా నాన్న కుర్చీ. దానిలో కూర్చోబెట్టే నాన్న మా ఇద్దరికీ జుట్టు కత్తిరించేవాడు.

పరిగెత్తుకొచ్చాను. కుర్చీ ఉన్నచోట నేల మీద నాలుగు తుప్పు గుంటలు మాత్రం ఉన్నాయి. పోయేదే ఎక్కువని నీ చేత్తో నువ్వే రాశావు కదరా అన్నాను. తెలుసక్కా అన్నాడు. తెలిసీ ఎందుకాడావంటే, పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా అన్నాడు. పెద్దవాళ్లు ఆ మాట ఉంగరాల గురించీ తాళంచెవుల గురించీ అన్నారురా వెధవా అన్నాను. అప్పుడు వాడు ఆ చక్రాల సంగతి చెప్పాడు. రెండు పళ్లు పడతాయట. మూడోది కూడా అంచుదాకా వచ్చి, ఒక్క వెంట్రుకవాసిలో జారిపోతుందట. అది ఓడినట్టు ఉండదట, ఇంకాస్తలో వచ్చేదే అన్నట్టుంటుందట. దగ్గరికి రావడమనేది లెక్కలో లేదు, ఇందాక ఏం పడిందో చక్రానికి గుర్తుండదు అన్నాను. "చక్రానికి తెలీదు సరే, నాకు తెలుస్తోంది కదక్కా" అన్నాడు.

మేం ఫోను లాక్కున్నాం. నొక్కుడు బటన్ల ఫోనొకటి కొనిచ్చాం. పదకొండు రోజులు బుద్ధిగా ఉన్నాడు. పన్నెండోరోజు కొత్త కుర్చీ కొనమని నేనే డబ్బు చేతిలో పెట్టాను. వాడు మారిపోయాడని కాదు, మారేలా కనబడ్డాడని. కుర్చీ రాలేదు, ఎవరి ఫోనో అడిగి తీసుకుని ఆడేశాడు. తర్వాత ఇంకో తొమ్మిది రోజులు బాగున్నాడు, మళ్లీ ఇచ్చాను. మరదలు వద్దు వదినా అనేది. ఈసారి చూడు, కళ్లలో తేడా కనబడుతోంది అనేదాన్ని. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అది. ఎన్నిసార్లు ఇచ్చానో అదీ రాయను.

మందు మొదలుపెట్టిన పది నెలలకి డాక్టరు మళ్లీ రమ్మన్నారు. ఇద్దరం వెళ్లాం. వేళ్లు ఆడించమన్నారు, పిడికిలి బిగించి విప్పమన్నారు, గదిలో నడిపించారు. చాలా బాగుంది అన్నారు. తర్వాత చీటీ రాసుకుంటూ, తల ఎత్తకుండా, ఈమధ్య కొత్త అలవాట్లేమైనా వచ్చాయా అని అడిగారు. అవసరం లేనివి కొనడం, అదేపనిగా తినడం, పందేలు, జూదం...

"లేవు సార్" అన్నాడు తమ్ముడు.

జూదమన్న మాట ఇంకా డాక్టరు నోట్లోనే ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. పిల్లల మొహాలు చదవడమే నా బతుకు. ప్రశ్న పూర్తిగా వినకుండా జవాబు చెప్పే పిల్లాడికి ఆ ప్రశ్న వస్తుందని ముందే తెలిసి ఉంటుంది. నేను తేరుకునేలోగా వాడు లేచి దండం పెట్టి బయటికి నడిచాడు. బయట వరండాలో, మందుల కౌంటరు ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను.

"డాక్టరు ఆ మాట అడుగుతారని నీకెలా తెలుసు?"

"మాత్రల పెట్టెలో కాగితం ఉంటుంది కదక్కా. మొదటి నెల్లోనే చదివాను, బేరాల్లేనప్పుడు. ఈ మందు వేసుకుంటే కొంతమందికి జూదం మీద ఆపుకోలేని యావ పుట్టొచ్చు, అలా ఉంటే డాక్టరుకి చెప్పండి అని ఉంది."

ఆ కాగితాన్ని నేను నెలనెలా ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాను. పిల్లల జవాబు పత్రాల్లో చుక్క తప్పితే పట్టుకునేదాన్ని, ఆ చిన్న అక్షరాలు ఒక్కసారి విప్పి చదవలేదు. నాకు వాడి మీద వచ్చిన కోపమంతా ఒక్క దెబ్బతో నా మీదికి మళ్లింది. అయినా మా వంశంలో కోపం తన మీదికొస్తే దాన్ని ఎదుటివాడి మీదే తీర్చుకుంటాం.

"అయితే నేను నెల రోజులు గొంతు చించుకుని పాఠాలు చెబుతున్నప్పుడు కూడా నీకిది తెలుసు. తెలిసి రోజూ వచ్చి ఎందుకు కూర్చున్నావురా నా ఎదురుగా?"

"నీ పాఠం పనిచేస్తుందేమోనని కూర్చున్నానక్కా. మాత్ర మానక్కర్లేకుండా అదొక్కటీ పోతుందేమోనని."

వాడు నేల వంక చూస్తూ చెప్పుకుపోయాడు. ఓడిపోతే బాధ వెయ్యడం లేదన్నాడు. మొదట్లో అది ధైర్యమనుకున్నాడట. నాన్న కుర్చీని బండి మీదికెక్కిస్తున్నప్పుడు పక్కనే నిలబడి, ఇప్పుడు నాకు ఏడుపు రావాలి కదా అనుకున్నాడట. రావాలని చూశాడట. రాలేదట. బండి మలుపు తిరగకముందే జేబులో ఫోను గుర్తొచ్చిందట.

"మరి డాక్టరుకి చెప్పొచ్చు కదరా."

"చెబితే ఈ మాత్ర తీసేస్తారు. మళ్లీ చేతులు పోతాయి. కత్తి పట్టకపోతే నేనెవణ్ణక్కా? నువ్వు చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే చేతులుంటాయి, ఆ చేతులతోనే ఇల్లు ఊడ్చేస్తాడు, మరదలు ఏదో ఒకరోజు నోరెత్తకుండా వెళ్లిపోతుంది. చెబితే మనిషి మిగులుతాడు, కత్తి పోతుంది. ఇందులో ఏది పెద్ద నష్టమో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. కానీ ఏడుపు రావాలని చూసినా రాలేదన్న మాట నన్ను పట్టుకుంది. చిన్నప్పుడు వీధికుక్క కుంటుతుంటే చూసి అన్నం మానేసిన పిల్లాడు వాడు. నేను లేచాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా, నిబ్బరంగా పట్టుకున్నాడు. అయిదు వేళ్లలో ఒక్కటీ వణకలేదు. ఆ చెయ్యి విడిపించుకుని నేను డాక్టరు గదిలోకి వెళ్లాను.

డాక్టరు కోప్పడలేదు. నాకర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించారు. బహుమతి విషయంలో మెదడు లెక్క వేరేగా వేస్తుందన్నారు. అనుకున్నదానికంటే ఎక్కువొస్తే ఆ రసాయనం ఒక్కసారి పైకి లేస్తుంది. వస్తుందనుకున్నది రాకపోతే కిందికి పడుతుంది. ఆ పడటమే మనకి చెంపదెబ్బ, ఇంకోసారి ఇటు రాకూడదని నేర్చుకునేది దానితోనే. ఈ మాత్ర కొంతమందిలో ఆ దెబ్బ తగలకుండా అడ్డుపడుతుందని అనుకుంటున్నారట. గెలిచినప్పటి పొంగు పొంగుతుంది, ఓడినప్పటి దెబ్బ తెలియదు. పైగా చెయ్యిజారిన గెలుపుని మెదడు ఓటమిగా కాక గెలుపుకి చుట్టంగా చూస్తుంది, అందుకే ఇంకోసారి, ఇంకోసారి అంటుందన్నారు. అంటే ఒప్పులకి టిక్కులు పడతాయి గాని తప్పులకి ఇంటూలు పడవన్నమాట అన్నాను. దాదాపు అంతేనన్నారు.

మరి ఈ మాత్ర వేసుకోనివాళ్లు కూడా కొంపలు ముంచుకుంటున్నారు కదా అని అడిగాను. వాళ్లలో ఏం జరుగుతోందో మాకింకా పూర్తిగా తెలీదు, మీవాడికి కారణం తెలిసింది, ఒక విధంగా అదృష్టవంతుడు అన్నారు. అదృష్టమన్న మాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆరోజే ఒక సంగతి బోధపడింది. నేను పాఠం చెప్పింది మా తమ్ముడిలో లెక్కలు చేసేవాడికి. వాడికి ముందే అన్నీ వచ్చు. ఆడేవాడు వేరే గదిలో ఉన్నాడు, వాడికి నా గొంతు వినబడనే లేదు.

మాత్ర ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా దించాలి. దాని బదులు వేరే మందు మొదలుపెట్టారు, అది ఒంటికి కుదురుకోవడానికి నెలలు పడుతుందన్నారు. అలాంటి నెలలు పగవాళ్లకి కూడా రాకూడదు. వాడికి చెమటలు పట్టేవి, చిరాకు, దిగులు. మంచం దిగేవాడు కాదు. నాతో మాట్లాడటం మానేశాడు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, మంచినీళ్లిమ్మని మీ వదినకి చెప్పు అనేవాడు పెళ్లాంతో. వదినా, మంచినీళ్లట అనేది ఆవిడ. ఇచ్చానని చెప్పు అనేదాన్ని నేను. ఇచ్చిందట అనేది. పాపం ఆ పిల్ల బేకరీలో కంటే ఇంట్లోనే ఎక్కువ కౌంటరు పని చేసింది.

యావ మాత్రం జ్వరం దిగినట్టు దిగింది. ఏ రోజు దిగిందో ఎవరికీ తెలీదు. ఒక ఆదివారం మరదలు తన ఫోను బల్ల మీద మరిచిపోయి మార్కెట్టుకెళ్లింది. తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉంది. వాడు పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతున్నాడు. తిన్నగా రావడం లేదు మడతలు, చెయ్యి వణుకుతోంది. ఆవిడ వంటగదిలోకొచ్చి నా భుజం మీద తల పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఫోను ముట్టుకోలేదు వదినా అని గుసగుసగా అంది. మంచివార్తని కూడా మేం భయం భయంగానే పట్టుకోవడం నేర్చుకున్నాం.

సెలూన్ మళ్లీ తెరిచాడు. మిషనుతో జుట్టు కత్తిరించడం వరకూ చేసేవాడు. మిషను కాస్త అటూ ఇటూ అయినా ప్రాణం మీదికి రాదు. కత్తి సొరుగులో ఉండిపోయింది. కొత్త మందు వేసుకున్నాక ఒక్కోపూట చెయ్యి రాయిలా నిలబడేది, ఒక్కోపూట మధ్యలో చెప్పాపెట్టకుండా మొదలయ్యేది. ఎప్పుడు ఏదో ముందు తెలిసేది కాదు. గడ్డాల బేరాలన్నీ ఎదురుగా కొత్తగా పెట్టిన ఏసీ సెలూన్‌కి వెళ్లిపోయాయి. పోస్టుమాస్టరు గారు మాత్రం వెళ్లలేదు. గడ్డం పెంచారు. ఎవరడిగినా చర్మానికి మంచిదని డాక్టరు చెప్పాడన్నారు. రెండు నెలల్లో ఆయన గడ్డం ఛాతీ మీదికొచ్చే పనిలో పడింది.

ఈ నెల మొదట్లో, బడికి సెలవురోజు, నేను సెలూన్లో అద్దం తుడుస్తున్నాను. ఆయన ఎనిమిదింటికొచ్చారు. తిన్నగా కుర్చీలో కూర్చుని, ఇంక దురద భరించలేను నాయనా, గీసెయ్ అన్నారు. తమ్ముడు వద్దన్నాడు. ఆయన విననట్టు మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. ముందు మిషనుతో గడ్డం పొట్టిగా తీశాడు వాడు. తర్వాత సొరుగు తెరిచాడు. కత్తికి కొత్త బ్లేడు బిగించాడు. కుంచెతో నురగ పట్టించాడు. ఆ పొద్దున వాడి చెయ్యి ఎంత అందంగా కదిలిందో చెప్పలేను. నా చేతిలో తడిగుడ్డ నీళ్లు కారుతున్నా కదల్లేకపోయాను. ఈ చేతుల్ని పోగొట్టింది నేనే. వాడు మళ్లీ ఒక్క గడ్డం గీస్తే చాలు, నా గుండెల మీద బరువు దిగిపోతుంది. నాకు తోచిందల్లా అదొక్కటే.

వాడు ఎడమచేత్తో ఆయన గవద ఎత్తాడు. కత్తి మెడకి జానెడు దూరంలో ఆగింది. అలాగే ఉండిపోయింది.

"చెయ్యి బాగుంది కదరా" అన్నాను. "కానివ్వు. ఒక్క గీటు గీసి చూడు."

"నాకేం భయం లేదు నాయనా" అన్నారు పోస్టుమాస్టరు గారు కళ్లు తెరవకుండా.

తమ్ముడు తన చెయ్యి చూసుకున్నాడు. నిజంగానే అది వణకడం లేదు. కత్తి అంచు మీద వెలుతురు చుక్క కూడా కదలడం లేదు. ఆ నిలకడ చూసే నేను అడిగాను. వాడు తలతిప్పి నా వంక చూశాడు. నాతో తిన్నగా మాట్లాడి అప్పటికి అయిదు నెలలు దాటింది.

"నాకు భయం వేస్తోందక్కా" అన్నాడు. "గీస్తే ఏమవుతుందోనని."

వాడి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అది ఓడిపోయిన మనిషి ఏడుపు కాదు. ఎక్కడో తప్పిపోయిన పిల్లవాడు ఇంటి గుమ్మం చూసి ఏడ్చినట్టు ఏడ్చాడు. నాకు సిగ్గేసింది. నా మనసు తేలికపడటానికి నేను ఇంకొకరి మెడ పందెం కాశాను. ఆ పందెం వద్దన్నది వాడు. వాడి మాత్ర నేనెప్పుడూ మింగలేదు, నాకు సాకు కూడా లేదు.

వాడు కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు. కళ్లు తుడుచుకుని, పదండి మాస్టారూ, నురగ ఆరిపోతుంది అన్నాడు. ఎక్కడికని ఆయన అడగలేదు. మెడలో గుడ్డ, మొహం నిండా నురగ, అలాగే లేచి వాడి మోచెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ వీధి దాటుతుంటే సైకిళ్లవాళ్లు ఆగి చూశారు. నేనూ వెనకే వెళ్లాను.

ఏసీ సెలూనాయన మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. తమ్ముడు పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ సర్ది, ఈయనకి గవద కింద వెంట్రుక అడ్డంగా మొలుస్తుంది, కిందనుంచి పైకి గియ్యకు, ఇటునుంచి అటు రా, నిద్రపోతే లేపకు అని చెప్పాడు. అతను సరేనన్నాడు. తమ్ముడు వెళ్లి గోడవారగా బెంచీ మీద కూర్చున్నాడు. ఒడిలో కుడిచెయ్యి వణకడం మొదలైంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, గడ్డం పూర్తయ్యేదాకా అతని కత్తినే చూస్తూ కూర్చున్నాడు.